పదిమంది ఇల్లు, చాలినన్ని చేతులు

వృద్ధాశ్రమం మాట వచ్చినప్పుడల్లా మన చర్చ పిల్లల దగ్గర మొదలై పిల్లల దగ్గరే ఆగిపోతుంది. కొడుకు ఎందుకు వదిలేశాడు, కోడలు ఏమంది, అమెరికా వెళ్లినవాడు ఏడాదికోసారైనా వచ్చి చూస్తున్నాడా అన్నవే ప్రశ్నలు. సినిమాల్లోనూ అంతే. చేతిసంచీతో గేటు దగ్గర నిలబడ్డ తల్లి కనిపిస్తుంది, గేటు మూసుకుంటుంది, కథ అయిపోతుంది. ఆ గేటు లోపల మర్నాడు పొద్దున ఆరు గంటలకు ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు తక్కువ. ఆమెను మంచం మీంచి ఎవరు లేపుతారు? బాత్‌రూమ్‌కు నడిపిస్తారా, డైపర్ మార్చి పడుకోబెడతారా? కాఫీ ఆమెకు అలవాటైన వేళకు అందుతుందా? మధ్యాహ్నమంతా ఏం చేస్తుంది? రాత్రి రెండింటికి దాహమేస్తే ఆమె పిలుపు ఎవరికి వినిపిస్తుంది? ఒక హోమ్ మంచిదో కాదో ఈ ప్రశ్నలకు దొరికే జవాబులను బట్టి తేల్చాలి. వీటన్నిటికీ సరైన జవాబు ఇవ్వగలిగేది పదిమందో పన్నెండుమందో ఉండే చిన్న ఇల్లు. అదీ సాయం చేసే చేతులు చాలినన్ని ఉన్నప్పుడే. కానీ మన చట్టాలూ, గ్రాంట్లూ, దాతల ఆలోచనలూ పెద్ద భవనాల చుట్టూనే తిరుగుతున్నాయి.

అవసరం ఎంతుందో మొదట చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో అరవై దాటినవారు సుమారు 10.4 కోట్లు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక ప్రకారం 2022 నాటికి ఆ సంఖ్య 14.9 కోట్లకు చేరింది, 2050 నాటికి 34.7 కోట్లు అవుతుంది. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. కాన్పులు ముందే తగ్గిన దక్షిణాది రాష్ట్రాల్లో ఈ మార్పు ఇంకా తొందరగా వస్తోంది. 2021 అంచనాల్లోనే ఆంధ్రప్రదేశ్‌లో పెద్దల వాటా 12 శాతం దాటింది, తెలంగాణలో 11 శాతానికి చేరింది. వీరిలోనూ ఎనభై పైబడినవారి సంఖ్య మరీ వేగంగా పెరుగుతోంది, మనిషి సాయం ఎక్కువగా కావలసింది వాళ్లకే. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం దేశంలో 88 లక్షలమంది పెద్దలు మతిమరుపు జబ్బుతో ఉన్నారని అంచనా కట్టింది. వీళ్లను ఇంట్లో చూసుకునే కోడళ్లూ కూతుళ్లూ కొందరు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు, ఇంకొందరికి వాళ్లకే అరవై దాటాయి.

సాయం అంటే ఏమిటో కాస్త విడమరిచి చూడాలి. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో సిడ్నీ కాట్జ్ అనే వైద్యుడు తన బృందంతో కలిసి, తుంటి ఎముక విరిగినవారినీ దీర్ఘరోగులైన వృద్ధులనూ పరిశీలించి, 1963లో ఒక కొలమానాన్ని ప్రకటించాడు. దాన్ని వైద్యులు ఇప్పటికీ వాడుతున్నారు. మనిషి రోజూ చేసుకోవలసిన ఆరు పనులను ఆయన తీసుకున్నాడు: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, తినడం. వయసు మీద పడుతున్నకొద్దీ ఇవి చాలామందిలో ఒక వరసలో చేజారతాయని కూడా ఆయన గమనించాడు. స్నానం ముందు కష్టమవుతుంది, తన చేత్తో తినడం చివరిదాకా నిలుస్తుంది. దీన్నిబట్టి ఒక ముఖ్యమైన సంగతి తెలుస్తుంది. సాయం కావలసినవారంటే అన్నిటికీ మరొకరి మీద ఆధారపడ్డవారని కాదు. ఒకాయనకు స్నానాల గదిలో చెయ్యి పట్టుకుంటే చాలు, మిగతావన్నీ ఆయనే చేసుకుంటాడు. ఒకామెకు జాకెట్టు హుక్కులు పెట్టడానికి వేళ్లు సహకరించవు, చీర మాత్రం తానే కట్టుకోగలదు. ఎవరికి ఏది చేయాలి, ఏది వాళ్లకే వదిలెయ్యాలి అని మనిషి మనిషికీ తెలిసి ఉండటమే మంచి సంరక్షణ.

ఇప్పుడు పొద్దుటి లెక్క చూడండి. ఆ ఆరు పనుల్లో చాలావరకూ ఆరుకూ ఎనిమిదిన్నరకూ మధ్యే వచ్చి పడతాయి. లేపడం, మరుగుదొడ్డికి తీసుకెళ్లడం, పళ్లు తోమించడం, వేణ్నీళ్లతో స్నానం, ఒళ్లు తుడిచి బట్టలు మార్చడం, తల దువ్వడం, ఇవన్నీ కలిపి ఒక్కొక్కరికి అరగంట అనుకుందాం. పదిమంది ఉండి, పొద్దున ఇద్దరు ఆయాలు పనిలో ఉంటే ఒక్కొక్కరి వంతుకు ఐదుగురు, రెండున్నర గంటల పని. టిఫిన్ వేళకు అందరూ సిద్ధమవుతారు. యాభైమంది ఉండి నలుగురు ఆయాలు ఉన్నచోట ఒక్కొక్కరి వంతుకు పన్నెండు పదమూడుమంది వస్తారు. ఆరు గంటలకు మొదలుపెడితే మధ్యాహ్నం దాటుతుంది. అది జరిగే పని కాదు గనుక ఏదో ఒకటి తగ్గించుకుంటారు. స్నానం వారానికి రెండుసార్లవుతుంది. నడిచి మరుగుదొడ్డికి వెళ్లగలిగే మనిషికి కూడా డైపర్ కడతారు. నాలుగింటికే లేచే అలవాటున్నవారినీ, ఏడు దాటాక గానీ లేవలేనివారినీ ఒకే గంటకు లేపుతారు. ఇదంతా ఆయాలకు దయ లేక కాదు. వాళ్లకు గడియారంలో ఉన్నదే అంత. దాతలు వచ్చినప్పుడు చూసేది కొత్త బ్లాకు, గ్రానైట్ నేల, సోలార్ హీటరు. పొద్దున ఆరింటికి ఎంతమంది ఆయాలు ఉంటారని అడిగేవాళ్లు అరుదు.

తొందరతో వచ్చే అసలు నష్టం దీనికంటే లోతైనది. తొందరలో ఉన్నవాళ్లు పెద్దవాళ్లు చేసుకోగలిగిన పనులు కూడా తామే చేసేస్తారు. వణికే చేతులతో అన్నం తినడానికి అరగంట పడుతుంది, ఆయా స్పూనుతో పెడితే ఐదు నిమిషాలు. అన్నం మెత్తగా కలిపి చిన్న చిన్న ముద్దలు చేసి, అంచు ఎత్తుగా ఉన్న పళ్లెంలో పెట్టి ముందుంచితే తన చేత్తో తినగలిగే మనిషి, ఆర్నెల్లపాటు ఎవరో నోట్లో పెడుతుంటే ఆ పనే మరిచిపోతాడు. నడక సంగతీ ఇంతే. 2007లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దలను పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. ఆ పది రోజుల్లోనే వాళ్ల కాళ్లలో సగటున సుమారు కిలో కండ కరిగిపోయింది. ఏ జబ్బూ లేనివాళ్లకే ఇంత జరిగిందంటే, ఎనభై ఏళ్ల మనిషిని 'మీరెందుకండీ లేవడం, పడిపోతారు' అని రోజంతా పడుకోబెడితే ఏమవుతుందో ఊహించవచ్చు. కొన్నాళ్లకు ఆయన నిజంగానే లేవలేడు. అప్పుడు 'వయసైపోయింది కదా' అంటాం.

దీనికి నిర్వాహకులు చెప్పే జవాబు ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. నడవనిస్తే పడతారు, తుంటి విరుగుతుంది, బంధువులు వచ్చి నిలదీస్తారు అంటారు. నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6 లక్షల 84 వేలమంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు, వారిలో ఎక్కువమంది పెద్ద వయసువారే. కానీ నడక మాన్పించడం వల్ల ఈ ప్రమాదం తగ్గదు. కండ కరిగిన మనిషి రాత్రి ఎవరూ పలకనప్పుడు తానే లేవబోయి పడతాడు. ప్రమాదాన్ని తగ్గించేవి మంచం ఎత్తు తగ్గించడం, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు, తడి నేల వెంటనే తుడవడం, రాత్రంతా వెలిగే చిన్న లైటు, కళ్లజోడు సరిచూడటం, మగత తెప్పించే మందుల గురించి డాక్టరును అడగడం, నడిచేటప్పుడు పక్కన ఒక మనిషి. వీటిలో చివరిది తప్ప అన్నీ చవకే. ఆ చివరిదాని కోసమే చిన్న ఇల్లు కావాలంటున్నాను.

మనిషికి తన రోజు మీద కాస్తయినా పెత్తనం ఉండాలన్న దానికీ ఆధారం ఉంది. ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో చేసి 1976లో ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధం. ఒక అంతస్తులో ఉన్నవారికి మీ గది ఎలా సర్దుకోవాలో, సినిమా ఏ రోజు చూడాలో మీరే నిర్ణయించుకోండి అని చెప్పి, ఒక మొక్కను ఎంచుకోనిచ్చి దాన్ని వాళ్లే పెంచుకోమన్నారు. ఇంకో అంతస్తువారికి మీ బాగోగులన్నీ సిబ్బంది చూసుకుంటారని చెప్పి, మొక్క ఇచ్చి, నీళ్లు కూడా సిబ్బందే పోస్తారన్నారు. మూడు వారాల తర్వాత చూస్తే మొదటి అంతస్తువారు ఎక్కువ చురుగ్గా, ఎక్కువ సంతోషంగా ఉన్నారు. ఇది చిన్న ప్రయోగమే, దీనిమీదే అంతా నిలబెట్టనక్కర్లేదు. అయినా మన హోముల్లో పాటించదగిన మాట ఇందులో ఉంది. ఇవాళ కూర ఏమిటో పొద్దున్నే ఇద్దరు ముగ్గుర్ని అడగవచ్చు. చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, ఒత్తులు చేయడం, పూలు కట్టడం, పేపరు పైకి చదివి వినిపించడం పెద్దవాళ్ల చేతికి ఇవ్వవచ్చు. నలభై ఏళ్లు పదిమందికి వండిపెట్టిన చేతుల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చోబెట్టడం గౌరవం కాదు. బడిపంతులుగా పనిచేసి ఊరంతటి చేత 'మాస్టారూ' అనిపించుకున్న మనిషిని, ఇరవై ఏళ్ల కుర్రాడు 'తాతా, ఇటు తిరుగు' అంటే ఆయన లోపల ఏదో కుంగుతుంది. చిన్న ఇంట్లో ఆ కుర్రాడు రెండో రోజుకే 'మాస్టారూ' అనడం నేర్చుకుంటాడు, ఎందుకంటే అక్కడ ఆయన ఎవరో అందరికీ తెలుసు.

ఈ తెలిసి ఉండటమే వైద్యానికీ పనికొస్తుంది. ముసలితనంలో జబ్బు పుస్తకంలో రాసినట్టు రాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే జ్వరం రాకపోవచ్చు, మంట అని చెప్పకపోవచ్చు. నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఇవాళ హఠాత్తుగా తికమకపడతాడు, ఎక్కడున్నాడో మరిచిపోతాడు. ఆయన నిన్న ఎలా ఉన్నాడో తెలిసినవాళ్లకే ఈ మార్పు కనిపిస్తుంది, తెలియనివాళ్లు ముసలాయనకు మతి చలించిందనుకుంటారు. దాహం కూడా వయసుతో మొద్దుబారుతుంది, అడగలేదు కదా అని మంచినీళ్లు ఇవ్వకపోతే మన వేసవిలో రెండు రోజుల్లో మనిషి నీరసించిపోతాడు. షుగర్ బిళ్ల వేసుకుని టిఫిన్ సగమే తిన్న మనిషికి పదకొండింటికి చెమటలు పట్టి కళ్లు తిరగవచ్చు. చిన్న ఇంట్లో అయితే వెనక్కి వచ్చిన పళ్లెం ఎవరిదో వంటమనిషికి తెలుసు, బిళ్లలు ఇచ్చే ఆమె పక్కనే ఉంది, ఒక్క మాటతో ఆ సంగతి చేరాల్సిన చోటికి చేరుతుంది. పెద్ద సంస్థలో వంటగది ఒక విభాగం, మందులు ఇంకో విభాగం.

రాత్రి సంగతి ఎవరూ అడగరు గనుక ప్రత్యేకంగా చెప్పాలి. మంచం మీద కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలన్నది నర్సింగ్‌లో పాత నియమం. అలా తిప్పకపోతే నడుం కింద, మడమల దగ్గర, తుంటి మీద చర్మం కమిలి పుండ్లు పడతాయి. ఒకసారి పడ్డాయంటే మానడానికి నెలలు పడుతుంది. పగలంతా పనిచేసిన ఆయానే రాత్రి కూడా అక్కడే చాప వేసుకుని పడుకోమంటే ఆమె ఎన్నిసార్లు లేస్తుంది? మన హోముల్లో చాలాచోట్ల ఆయాలు అక్కడే ఉంటూ రాత్రింబవళ్లు పనిచేస్తారు. వాళ్ల నిద్రకు హామీ లేనిచోట పెద్దల సంరక్షణకూ హామీ లేదు.

చిన్న ఇల్లు అన్నది కేవలం కోరిక కాదు, కొన్ని దేశాలు దాన్ని నియమంగా పెట్టుకున్నాయి. జపాన్ 2000 ఏప్రిల్‌లో దీర్ఘకాల సంరక్షణ బీమాను మొదలుపెట్టింది. అక్కడ మతిమరుపు జబ్బు ఉన్నవారి కోసం నడిపే గ్రూప్ హోముల్లో ఒక్కో యూనిట్‌లో ఐదుగురి నుంచి తొమ్మిదిమంది వరకే ఉండాలి. వంటలో, ఇంటి పనుల్లో వాళ్లు కూడా చెయ్యి వేస్తారు. అమెరికాలో బిల్ థామస్ అనే వైద్యుడు తలపెట్టిన గ్రీన్ హౌస్ ఇళ్లు 2003లో మిసిసిపీ రాష్ట్రంలోని ట్యుపెలోలో మొదలయ్యాయి. ఒక్కో ఇంట్లో పది పన్నెండుమంది, ఎవరి గది వాళ్లకు, మధ్యలో అందరికీ ఒక వంటిల్లు, ఒక పొడుగాటి భోజనాల బల్ల. వండేవాళ్లూ, స్నానం చేయించేవాళ్లూ ఒకరే. కోవిడ్ కాలంలో ఈ ఇళ్లలో వ్యాధీ మరణాలూ మామూలు నర్సింగ్ హోముల కంటే తక్కువగా ఉన్నాయని తర్వాత పరిశోధకులు తేల్చారు. ఇక మన దగ్గర 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలు జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం పెట్టవచ్చంటుంది, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండాలంటుంది. ఉద్దేశం గొప్పదే. కానీ ఆ 150 మందినీ ఒకే భవనంలో పెట్టాలన్న ఆలోచన దగ్గరే పొరపాటు జరుగుతోంది. పదిహేను మండలాల్లో పదేసిమంది ఉండే పదిహేను ఇళ్లు పెడితే ఆ పెద్దలు తమ ఊరి యాసకూ, తమ చుట్టాలకూ, తమ గుడికో చర్చికో మసీదుకో దగ్గరగా ఉంటారు.

చిన్న ఇల్లు ఖరీదైనది అన్న అభ్యంతరం బలమైనది. లెక్క వేసి చూద్దాం. వారానికి 168 గంటలు. ఒక మనిషి 48 గంటలు పనిచేస్తే, ఎప్పుడూ ఒకరు మెలకువగా ఉండటానికే ముగ్గురున్నర మంది కావాలి. పొద్దునా సాయంత్రం రెండో మనిషి, ఒక వంటమనిషి కలిస్తే పదిమంది ఇంటికి ఆరుగురు. ఒక్కొక్కరికి నెలకు 15,000 జీతం అనుకుంటే 90,000. అంటే జీతాలకే తలకు 9,000. అద్దె, తిండి, మందులు, కరెంటు దీనికి అదనం. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 4,000, తెలంగాణలో 2,016. మంచానికే పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ 15,000 ఇస్తోంది, అంటే సంరక్షణకు ఎంత ఖర్చవుతుందో ప్రభుత్వానికి తెలియనిది కాదు. పిల్లల నుంచి ఇప్పించే భరణానికి 2007 చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి నెలకు 10,000. ఆ పరిమితి ఎత్తివేయాలని 2019లో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. కాబట్టి చిన్న ఇల్లు ఖరీదైనదన్న మాట నిజం, అయితే పెద్ద భవనం చవకగా కనిపించడానికి కారణం అక్కడ చేతులు తక్కువగా ఉండటమే. ఆ తేడాను పెద్దవాళ్లు పుండ్లతో, పోగొట్టుకున్న నడకతో చెల్లిస్తారు. భవనానికి ఇచ్చే విరాళంలో కొంత ఆయాల జీతాలకు మళ్లినా ఈ లెక్క చాలా మారుతుంది.

ఇంకో అభ్యంతరం నాకు మరీ బరువైనదిగా తోస్తుంది. కాలనీ మధ్యలో అద్దె ఇంట్లో నడిచే చిన్న హోమ్ మీద ఎవరి కన్నూ పడదు. అక్కడ పెద్దవాళ్లను మంచానికి కట్టేసినా, మగత మందు వేసి నిద్రపుచ్చినా బయటివాళ్లకు తెలియదు. పెద్ద సంస్థలో కనీసం పదిమంది వచ్చిపోతుంటారు. ఈ మాట ఒప్పుకోవాలి. చిన్నదైతే చాలు మంచిదైపోదు. 2019 సవరణ బిల్లులో వృద్ధుల హోములను రిజిస్టరు చేసి, కనీస ప్రమాణాలు పెట్టాలన్న ఏర్పాటు ఉంది, అదీ ఆగిపోయింది. దాన్ని మళ్లీ తేవాలి, ఇంతమందికి ఇందరు సిబ్బంది, రాత్రి మెలకువగా ఉండేవారు ఇందరు అన్న నిబంధనలతో తేవాలి. అంతవరకూ ఊరివాళ్లే కన్ను వేసి ఉంచాలి. వారానికోసారి వచ్చే ఆరోగ్య కార్యకర్త, పుట్టినరోజు కేకు పట్టుకొచ్చి ఫొటో దిగి వెళ్లడం కాకుండా రోజూ సాయంత్రం గంటసేపు వచ్చి కూర్చునే కాలేజీ పిల్లలు, ఏ వేళలోనైనా బంధువులు లోపలికి వచ్చే వీలు ఉంటే చాలా దుర్మార్గాలు మొదలవకముందే ఆగిపోతాయి.

తల్లిదండ్రుల్ని చూసుకోవడం పిల్లల బాధ్యత కదా, హోముల్ని మెరుగుపరిస్తే వదిలేసేవాళ్లకు దారి సుఖమవుతుంది కదా అంటారు చివరికి. బాధ్యత పిల్లలదే. చట్టం కూడా అదే చెబుతోంది, పెద్దల్ని వదిలేస్తే మూడు నెలల జైలుశిక్ష వెయ్యవచ్చంటోంది. కానీ పిల్లలు లేనివారున్నారు, పిల్లల్ని పోగొట్టుకున్నవారున్నారు. డెబ్భై ఏళ్ల కూతురు తొంభై ఏళ్ల తల్లిని ఎత్తలేని ఇళ్లున్నాయి. కొడుకు ఇంట్లోనే ఒక గదిలో రోజంతా ఒంటరిగా ఉండి, మరుగుదొడ్డికి తీసుకెళ్లే మనిషి సాయంత్రం ఆరు తర్వాత గానీ రాని పెద్దవాళ్లూ ఉన్నారు. చూసుకోవడం అంటే ఒకే కప్పు కింద ఉండటం మాత్రమే కాదు. హోమ్‌లో చేర్చిన కొడుకు ఆదివారం వచ్చి తండ్రి గోళ్లు తీసి, మందుల చీటీ చదివి, నడుం మీద చర్మం చూసి వెళితే అతను బాధ్యత వదిలేసినట్టు కాదు.

హోమ్ వెతుకుతున్నవారు ముందే చెప్పకుండా పొద్దున ఏడింటికి వెళ్లండి. గచ్చు ఎంత మెరుస్తోందో పక్కన పెట్టండి. ఎంతమంది పెద్దలకు ఎంతమంది ఆయాలు పనిలో ఉన్నారో లెక్కపెట్టండి. రాత్రి ఎవరు మెలకువగా ఉంటారో పేరు అడిగి, వీలైతే ఆమెతోనే మాట్లాడండి. నడవగలిగినవాళ్లను నడిపిస్తున్నారా, తినగలిగినవాళ్లను తిననిస్తున్నారా చూడండి. అక్కడ ఉన్న పెద్దాయనను ఒక్కరినైనా పక్కకు కూర్చోబెట్టుకుని 'మీకు నచ్చినప్పుడు లేవనిస్తారా అండీ' అని అడగండి. ఎక్కడైనా పెద్దవాళ్లను కట్టేస్తున్నారనో, కొడుతున్నారనో, ఆకలితో ఉంచుతున్నారనో తెలిస్తే వయోవృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14567. ఫోను ఉచితం, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు.